శేరు పట్టిన ఇల్లు

డ్రమ్ములోంచి రబ్బరు గొట్టంతో బక్కెట్లోకి లాగిన పెట్రోలును ఇత్తడి శేరుతో ముంచి గరాటులోకి వంచబోతుండగా రామసుబ్బయ్య చెయ్యి వణికింది. పెద్ద వణుకేమీ కాదు. అయినా పెట్రోలు గరాటు అంచు దాటి, నాగప్ప మోటార్ సైకిలు ట్యాంకు మీదుగా జారి, పెన్న ఇసకలో ఇంకిపోయింది. చుట్టూ నిలబడినవాళ్లు ముందుకు వంగి చూశారు.

మూడూళ్ల మోటారు పందెంలో ఇలా ఎప్పుడూ జరగలేదు. పత్తి సీజను అయిపోయాక వరసగా మూడు ఆదివారాలు పందేలు. మొదటిది ప్రొద్దుటూరులో, రెండోది జమ్మలమడుగు దగ్గర పెన్న ఇసకలో, ఆఖరుది పులివెందులలో. మిలిటరీ వాళ్లు వేలం వేసిన పాత మోటార్ సైకిళ్లు కొనుక్కున్నవాళ్లంతా పందెంలోకి దిగుతారు. మొదటి రెండు పందేల్లో వెనకబడిన బళ్లు రాలిపోతాయి. పులివెందులలో గెలిచినవాడే ఆ ఏటికి మొనగాడు.

ఎవరి పెట్రోలు వాళ్లు పోసుకుంటే ఏమేమి కలుపుతారో, ఎంత ఎక్కించుకుంటారో అని మొదటి ఏడే గొడవ వచ్చింది. అందుకని అందరికీ ఒకే డ్రమ్ము, ఒకే శేరు, ఒకే చెయ్యి అని కట్టు పెట్టుకున్నారు. ఆ చెయ్యి ఎవరిదో ఆయన శేరు పెద్ద. శేరు పట్టిన ఇంటి నుంచి బండి దిగకూడదు. పందెం పొద్దున డ్రమ్ము మీద చెయ్యి పెట్టి ఆయన చెప్పిన మాటకు తిరుగు లేదు. కర్నూలు రాజధాని అయిన ఏటి నుంచి శేరు రామసుబ్బయ్య చేతిలోనే ఉంది. రాజధాని హైదరాబాదుకు పోయింది గానీ శేరు కదల్లేదు.

ఇప్పుడు ఆ శేరు పట్టుకుని ఆయన ఇసక వైపు చూస్తున్నాడు. ఎంత ఒలికింది? పావా, అరపావా? తక్కువ పోస్తే నాగప్పకు, అతని ఊరు పులివెందులకు నష్టం, ఎక్కువ పోస్తే మిగతా రెండూళ్లకూ అనుమానం. మోటారు సామాన్ల అంగట్లో ఇన్నేళ్లు తక్కెడ పట్టినవాడికి నేల తాగిన సరుకును తూచడం ఎట్లాగో తెలియలేదు. కళ్లతోనే అంచనా కట్టి కొంచెం పోశాడు.

"ఇంత పోసినావేంది మామా?" అన్నాడు ప్రొద్దుటూరు బండి మీదున్న ఉస్మాన్.

"పోనీలేప్పా, నాకు సాల్లే," అని నాగప్పే ట్యాంకు మూత బిగించేశాడు. పులివెందుల నాగప్ప ఒకప్పుడు గొర్రెలు తోలినవాడు, ఇప్పుడు రెండు బస్సులు తోలిస్తున్నవాడు. చిన్న విషయానికైనా ఊరంతా వినేట్టు గొడవ పెట్టుకునే మనిషి. అతను ఊరకే ఒప్పుకోవడం రామసుబ్బయ్యకు నచ్చలేదు. బేరమాడకుండా సరుకు ఎత్తుకుపోయే ఆసామి మనసులో వేరే లెక్క ఉంటుందని ఆయన అనుభవం.

పందెం ఎప్పటిలాగే జరిగింది. ఇసకలో మిగతా బళ్లన్నీ తోకలు ఊపుకుంటూ దున్నుకుంటూ పోతుంటే, జమ్మలమడుగు కమాల్ బాషా బండి మాత్రం గట్టి నేల మీద పోతున్నట్టు పోయింది. ఇసక మెత్తగా ఉన్నచోట అతను బండి మీద లేచి నిలబడతాడు, మోకాళ్లతో ట్యాంకును పట్టుకుంటాడు, హ్యాండిలును మాత్రం దాని ఇష్టానికి వదిలేస్తాడు. మూడేళ్లుగా మొనగాడు అతనే. జమ్మలమడుగు వాళ్లు తప్పెట్లు కొట్టారు. మిగతా రెండూళ్ల వాళ్లు పందెం పూర్తికాకముందే బస్సుల దగ్గరికి నడిచారు. పోయినేడు ఆ బస్సుల్లో టాపు మీద కూడా జనం ఉన్నారు. ఈసారి లోపలే సీట్లు ఖాళీ.

సాయంత్రం టీ అంగడి బెంచీ మీద నాగప్ప వచ్చి పక్కన కూర్చున్నాడు. వెంట ప్రొద్దుటూరు తోళ్ల వ్యాపారి వలి బాషా. ఉస్మాన్ తోలే బండి ఈయనదే.

"చెయ్యి అలిసిపోయింది కదన్నా నీకు," అన్నాడు నాగప్ప మెల్లగా.

"అలిసింది. దాచిపెడితే దాగుతుందా?"

"ఇంగ ఎవరికన్నా అప్పజెప్పు."

"ఎవరికి? నువ్వు పడితే పొద్దుటూరోళ్లు ఒప్పుకోరు. వలి బాషా పడితే నువ్వు ఒప్పుకోవు."

"కమాల్ బాషాకి ఇయ్యి."

రామసుబ్బయ్య టీ గ్లాసు బెంచీ మీద పెట్టాడు. పులివెందుల మనిషి నోట జమ్మలమడుగు మనిషి పేరు. వలి బాషా గడ్డం నిమురుకుంటూ ఎటో చూస్తున్నాడు.

"నమ్మకస్తుడు," అన్నాడు నాగప్ప. "మూడూళ్లోళ్లూ వాని చేతి మీద పోయించుకుంటారు. గౌరవంగా ఇద్దాం. శాలువా నేను తెస్తా."

శాలువా మాట వచ్చేసరికి లెక్క తేలిపోయింది. శేరు పట్టిన ఇంటి నుంచి బండి దిగకూడదు. కమాల్ బాషాను పందెంలో ఓడించలేక, పెద్దరికం కట్టబెట్టి పక్కన కూర్చోబెట్టడం. కొట్టకుండా, తిట్టకుండా, మెడలో దండ వేసి మరీ.

"పెద్ద బేరమే తెచ్చినావు నాగప్పా."

"నా బేరం కాదన్నా. జనాన్ని సూసినావు కదా. ఎవురు గెలుస్తారో ముందే తెలిసిన పందేనికి బస్సెక్కి ఎవుడొస్తాడు? ఇట్లనే ఉంటే వచ్చే ఏటికి పులివెందల బండి దిగదు. వలన్నను అడుగు."

"మాది కూడా దిగదు," అన్నాడు వలి బాషా ఇటు తిరగకుండానే.

రెండూళ్లు తప్పుకుంటే మిగిలేది ఒక్క ఊరి ఊరేగింపు. రామసుబ్బయ్య మనసులో తక్కెడ కట్టాడు. ఒక పక్క ఒక మనిషి సరదా, ఇంకో పక్క మూడూళ్ల పందెం. ముల్లు ఎటు మొగ్గుతుందో చూడటానికి పెద్దసేపు పట్టలేదు.

"అడిగి చూస్తా," అన్నాడు.

*

ప్రొద్దుటూరులో ఆయన భార్య మహాలక్ష్మమ్మ ఈ సంగతి విని, బియ్యంలో రాళ్లు ఏరుతున్న చేట కింద పెట్టింది.

"నీ చెయ్యి వణుకుతాంటే నువ్వు మానుకో. దానికి ఆ పిల్లోన్ని కుర్చీకి కట్టేసేది ఏంది?"

"కట్టేసేది కాదే. పెద్దను చేస్తాండాం."

"పెండ్లికొడుకును పీటల మీద నుంచి లేపి, వంటోళ్లకు పెద్దను చేసినట్టుంది మీ గౌరవం."

"పందెం ఆగిపోతే బాగుంటుందా?"

"నేను ఆగిపోవాలన్నానా? ఆ నాగప్ప ఓడిపోయేదానికి సిగ్గుపడి వేసిన ఎత్తును నువ్వు మోసుకొని పోతాండావు, అది చెప్తాండా." ఆమె మళ్లీ చేట అందుకుంది. "పోయేది పోతాండావు, వాళ్లమ్మ ఖమర్‌బీకి ఇన్ని చింతపండు ఉండలు తీసకపో. పోయినసారి అడిగింది."

చింతపండు మూటతో రామసుబ్బయ్య జమ్మలమడుగు బస్సెక్కాడు. దారిపొడుగునా మాటలు వెతుక్కున్నాడు. అరువు కోసం వచ్చినవాణ్ణి వెనక్కి పంపడానికి ఆయన దగ్గర చాలా మాటలున్నాయి. గౌరవం ఇచ్చి ఒకటి లాక్కోవడానికి మాత్రం ఒక్కటీ దొరకలేదు.

బస్టాండు వెనక రేకుల షెడ్డులో కమాల్ బాషా వాల్వు అరగదీస్తున్నాడు. వాల్వు అంచుకు నల్లటి పేస్టు పూసి, దాన్ని గుంటలో కూర్చోబెట్టి, కొయ్య పిడిని రెండు అరచేతుల మధ్య పెట్టి కవ్వం తిప్పినట్టు అటూ ఇటూ తిప్పుతున్నాడు. కొన్ని తిప్పులు తిప్పి ఎత్తుతాడు, గుడ్డతో తుడుస్తాడు, వెలుతురుకు పట్టి చూస్తాడు, మళ్లీ పేస్టు పూస్తాడు. అతని తల్లి ఖమర్‌బీ మూట అందుకుని, మహాలక్ష్మమ్మ మోకాళ్ల నొప్పుల గురించి అడిగి, టీ పెట్టడానికి లోపలికి పోయింది.

"ఏంది మామా, వారం మధ్యలో వచ్చినావు?"

రామసుబ్బయ్య స్టూలు మీద కూర్చున్నాడు. "నా చెయ్యి చూసినావు కదా బాషా," అని మాత్రం అన్నాడు.

"చూసినా."

"శేరు నీకిద్దామని అనుకుంటాండారు."

చేతులు ఆగలేదు. అదే వేగంతో పిడి తిరుగుతూనే ఉంది. కొంతసేపటికి వాల్వు ఎత్తి, తుడిచి, వెలుతురుకు పట్టాడు. అంచు చుట్టూ సన్నని బూడిదరంగు గీత.

"ఎవరు అనుకుంటాండేది? నువ్వా, నాగన్నా?"

అబద్ధం చెప్పడానికి అదే సమయం. రామసుబ్బయ్యకు ఆ సమయం దాటిపోతుండటం తెలుస్తూనే ఉంది. "నాగప్ప అన్నాడు," అన్నాడు. "వలి బాషా సరే అన్నాడు. నేను అడుగుతానని వచ్చినా."

కమాల్ బాషా నవ్వాడు. "పోయిన ఏడు నా బండి చక్రంలో పుల్ల పెట్టించినాడు. ఈ ఏడు శాలువా. నాగన్న బాగుపడతాండాడు మామా."

"నువ్వు గెలుస్తాంటే మేము పందెంలోకి దిగము అంటాండారు వాళ్లు బాషా. వాళ్లు దిగకుంటే పందెం లేదు."

"నువ్వేమంటావు?"

"నాకు పందెం నిలబడాల."

"నాకు బండి తోలాల." అతను మళ్లీ పేస్టు అందుకున్నాడు. "ముప్పయ్యైదేండ్లకే నన్ను కూర్చోబెడ్తే, ఇంగ నీ మాదిరి చెయ్యి వణికేదాకా ఆ డ్రమ్ము కాడ నిలబడాల్నా? నా తమ్ముడు దిగగూడదు, రేపు నా కొడుకు దిగగూడదు."

ఖమర్‌బీ టీ తెచ్చి ఇచ్చింది. కొడుకు మొహం, వచ్చినాయన మొహం చూసి, గడప దగ్గరే నిలబడింది.

"మామా," అన్నాడు కమాల్ బాషా, "డ్రమ్ము మీద చెయ్యి పెట్టి పెద్ద చెప్పే మాట ఉండాదే, ఇన్నేండ్లలో నువ్వు ఏం చెప్పినావు?"

"ఏముంది? జాగ్రత్తగా పోండప్పా అని చెప్పేవాణ్ణి."

"అంతేనా?"

"అంతకన్నా ఏం కావాల?"

అతను వాల్వును గుంటలో పెట్టి, దాని మీద కొంచెం కిరసనాయిలు పోసి, కిందికి కారుతుందేమోనని వంగి చూశాడు. ఒక్క బొట్టు కూడా కారలేదు.

"ఆదివారం వస్తా," అన్నాడు. "బండి తెచ్చేది తెస్తా. ఆడ చెప్తా."

తిరుగు బస్సులో రామసుబ్బయ్యకు ఆ జవాబు ఏ ఖాతాలో వేసుకోవాలో అర్థం కాలేదు. అవునూ కాదు, కాదూ కాదు. ఒకటి మాత్రం తేలింది. మాట అడగడానికి పోయినవాడు చెయ్యకూడని పని ఒకటి చేశాడు. అవతలి మనిషి వైపు నిలబడి చూశాడు. అక్కణ్ణుంచి చూస్తే ముల్లు రెండో వైపు మొగ్గుతోంది.

*

పులివెందులలో పందెం దారి ఊరి బయట మొదలై, వేముల వైపు పోయి, తిరిగి అక్కడికే వస్తుంది. ఎర్రమట్టి రోడ్డు, ఒక పక్క గుట్టలు, మలుపుల్లో గులకరాళ్లు. ఆదివారం పొద్దున్నే నాగప్ప బస్సులు రెండూ జనాన్ని తెచ్చి దించాయి. కమాల్ బాషా పందెం మానుకుంటున్నాడన్న పుకారు వారమంతా మూడూళ్లూ తిరిగినట్టుంది. జనం గట్ల మీద కూడా నిలబడ్డారు. ఆ జనాన్ని చూసి రామసుబ్బయ్యకు సంతోషం కలిగింది. ఆ సంతోషానికి ఆయనకే కొంచెం సిగ్గేసింది.

కమాల్ బాషా బండి మీదే వచ్చాడు. దాన్ని మిగతా బళ్ల వరసలో పెట్టకుండా, పక్కనున్న వేపచెట్టు కింద స్టాండు వేసి, డ్రమ్ము దగ్గరికి నడిచి వచ్చాడు. నాగప్ప శాలువా కప్పాడు. వలి బాషా దండ వేశాడు. జమ్మలమడుగు నుంచి వచ్చినవాళ్లు మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"మా ఊరోన్ని సాగనంపుతాండారా, సన్మానం చేస్తాండారా?" అని వాళ్లలో ఒకాయన అన్నాడు. నవ్వినవాళ్లు నవ్వారు.

రామసుబ్బయ్య శేరు అందించాడు. కమాల్ బాషా శాలువా తీసి మడిచి బండి సీటు మీద పెట్టివచ్చి, చొక్కా చేతులు మడుచుకుని, ఒక్కో బండికీ పోసుకుంటూ పోయాడు. శేరు పూర్తిగా నిండేదాకా ముంచి, అంచు మీద వేలితో గీసి, పైన తేలేదాన్ని బక్కెట్లోకే తోసి, అప్పుడు గరాటులోకి వంచాడు. వేలితో గీయడం ఇన్నేళ్లలో రామసుబ్బయ్యకు తట్టలేదు. ఉస్మాన్ వంగి చూసి తల ఊపాడు. నాగప్ప బండికి కూడా అట్లాగే పోశాడు, ఒక్క చుక్క అటూ ఇటూ లేకుండా.

చివరి బండికి పోశాక, అతను డ్రమ్ము మీద ఎడమచెయ్యి పెట్టాడు. కుడిచేతిలో శేరు ఉంది. దాంతో డ్రమ్ము మీద కొడితే పందెం మొదలు.

"పెద్ద మాట," అన్నాడు. గొంతు పెద్దగా ఏమీ ఎత్తలేదు. "ఈ పొద్దు గెలిచినోడు వచ్చే ఏటికి ఈ శేరు పట్టాల. ఆయప్ప పట్టిన నాడు నేను విడిచిపెట్టి, నా బండి ఎక్కుతా. ఆ తర్వాత ఏడు ఎవరు గెలిస్తే వాళ్లు పట్టాల. ఇంగ ప్రతి ఏడూ అంతే."

గట్ల మీది జనానికి అర్థమయ్యేసరికి కొంచెం ఆలస్యమైంది. జమ్మలమడుగు వాళ్లకు ముందు అర్థమైంది. కట్టుకున్న చేతులు విడిపోయాయి.

నాగప్ప బండి మీది నుంచి కాలు దించాడు. "ఇదేంది బాషా? గెలిచినోనికి శిక్షా?"

"శిక్ష ఎందుకవుతుంది అన్నా? మీరు నాకు గౌరవమని కదా ఇచ్చినారు."

వలి బాషా రామసుబ్బయ్య వైపు తిరిగి, "సుబ్బయ్యన్నా, ఇది కుదురుతుందా?" అని అడిగాడు.

అందరూ ఆయన వైపే చూస్తున్నారు. రామసుబ్బయ్య అప్పటికే మనసులో దీన్ని నాలుగు వైపులా తిప్పి చూసేశాడు. వరసగా రెండేళ్లు ఎవరూ గెలవలేరు. జనానికి ప్రతి ఏడూ కొత్త ఆశ. శేరు ఏ ఊళ్లోనూ పాతుకుపోదు, తిరుగుతూ ఉంటుంది. ఎవరి చేతికి ఇవ్వాలన్న పేచీ ఇంక ఎప్పటికీ రాదు, పందెమే తేల్చుకుంటుంది. కమాల్ బాషా నష్టపోయేది ఒక్క ఏడు. తాను ఇన్నేళ్లు శేరు పట్టి, ఆ చేత్తో చేయగలిగిన పని ఇంత ఉందని చూడలేదు. సరుకు తన అంగట్లోనే ఉంది, అమ్మడం మాత్రం తెలియలేదు.

"కుదిరేదేంది వలీ," అన్నాడు. "డ్రమ్ము మీద చెయ్యి పెట్టి చెప్పినాడు. అయిపోయింది."

"అంతే, అంతే," అన్నారు గట్ల మీద నుంచి.

"ఇష్టం లేనోళ్లు ఓడిపోండన్నా," అన్నాడు కమాల్ బాషా. "ఓడిపోయేదానికి ఎవురూ అడ్డం రారు." అని, శేరు ఎత్తి డ్రమ్ము మీద కొట్టాడు.

బళ్లు లేచాయి. ఎర్రదుమ్ము గట్ల ఎత్తు దాకా లేచి, వేముల వైపు సాగిపోయింది. చప్పుడు పోయాక కూడా దుమ్ము చాలాసేపు నిలబడి ఉంది.

కమాల్ బాషా వేపచెట్టు నీడలో తన బండి దగ్గర నిలబడ్డాడు. హ్యాండిలు మీద చెయ్యి వేసి, దారి వైపు చూస్తున్నాడు. రామసుబ్బయ్య పక్కకు వచ్చాడు.

"కష్టంగా ఉందా?"

"ఉంది మామా. ఆ మూడో మలుపు కాడ నేను ఎట్ల పోతానో కాళ్లు ఇప్పుడు కూడా అనుకుంటాండాయి." హ్యాండిలు తట్టి, "ఒక ఏడే కదా," అన్నాడు.

"నాగప్ప గెలుస్తాడంటావా?"

"నువ్వేమంటావు?"

"గెలవడు. వాడు గొర్రెల సంతలో పెరిగినోడు. లెక్క తప్పడు. ఆఖరి గీత దగ్గరికి వచ్చి బ్రేకు తొక్కుతాడు చూడు. ఉస్మాన్‌ను ముందు పోనిస్తాడు. శేరు మీ పొద్దుటూరోళ్లే పట్టుకోండి, నేను వచ్చే ఏడు కూడా దిగుతా అంటాడు." రామసుబ్బయ్యకు తన లెక్క మీద గట్టి నమ్మకం. తానైతే అదే చేసేవాడు.



ముందు చప్పుడు వచ్చింది. తర్వాత గుట్ట పక్క నుంచి దుమ్ము. ఆ దుమ్ములోంచి రెండు బళ్లు ఒకదాని పక్కన ఒకటి బయటికి వచ్చాయి. ఒకటి ఉస్మాన్‌ది, ఒకటి నాగప్పది. ఉస్మాన్ ట్యాంకు మీద బోర్లా పడుకున్నాడు. నాగప్ప తలపాగా ఎక్కడో ఎగిరిపోయింది. నోరు తెరుచుకుని ఉంది, పళ్ల నిండా ఎర్రమట్టి. చివరి మలుపులో ఇద్దరి చక్రాలూ గులకరాళ్ల మీద జారాయి. నాగప్ప బండి అడ్డం తిరిగి, సర్దుకుని, మళ్లీ లేచింది. రామసుబ్బయ్య అతని కాలు వైపే చూస్తున్నాడు. బ్రేకు మీదుంది కాలు. ఇప్పుడు తొక్కుతాడు. ఇప్పుడు.

తొక్కలేదు. అరచక్రం ముందు నాగప్ప గీత దాటాడు.

పులివెందుల జనం గట్ల మీద నుంచి కిందికి దూకారు. నాగప్పను బండితో సహా ఎత్తబోయి, బండి బరువుకు మనిషిని మాత్రం ఎత్తారు. మూడేళ్ల తర్వాత వాళ్ల ఊరు గెలిచింది. నాగప్ప వాళ్ల భుజాల మీద చేతులు ఊపుతూ, నవ్వుతూ, దగ్గుతూ, డ్రమ్ము దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా నవ్వు ఆపాడు. అప్పుడు గుర్తొచ్చింది.

కిందికి దిగి, తల దువ్వుకున్నట్టు చేతులతో మట్టి దులుపుకున్నాడు.

"వచ్చే ఏడు నేను ఉత్తగా నిలబడాల్నా?"

"ఉత్తగా ఎందుకన్నా? శాలువా నేను తెస్తా," అన్నాడు కమాల్ బాషా.

ఈసారి నాగప్ప మనుషులే ముందు నవ్వారు. నాగప్ప కొంచెంసేపు బిగబట్టుకున్నాడు. తర్వాత అతనికీ ఆగలేదు.

"బ్రేకు తొక్కకపోయినావేంరా?" అని అడిగాడు రామసుబ్బయ్య. లెక్క తప్పినందుకు ఆయనకు నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

"తొక్కాలనే అనుకున్నా అన్నా. యేముల కాడి నుంచి అదే అనుకుంటా వచ్చినా. కాలు దాని మీదనే ఉండాది." నాగప్ప తన కాలు వైపు చూసుకున్నాడు. "ఆ ఉస్మాన్ గాని మొగం పక్కనే కనపడినాక, కాలు నా మాట ఇనలేదు."

రామసుబ్బయ్యకు ఆ జవాబు చాలు. మనిషి లెక్క వేసుకుని పందెంలోకి వస్తాడు గానీ, లెక్కతో గీత దాటడు. ఇది తెలిసినవాడు కమాల్ బాషా. తెలిసే ఆ మాట చెప్పాడు. పందెం ఇంక ఎన్నేళ్లయినా నడుస్తుంది.

ఎండ తగ్గాక బస్సులు బయలుదేరాయి. కమాల్ బాషా బండి స్టార్టు చేసి, "మామా, ముద్దనూరు దాకా ఎక్కు. ఆడ బస్సెక్కిస్తా," అన్నాడు. శేరు చేతిలో ఉన్నన్నాళ్లు ఎవరో ఒకరి వైపు మొగ్గాడంటారని రామసుబ్బయ్య ఏ పందెం బండీ ఎక్కలేదు. ఇప్పుడు అనేవాళ్లు లేరు. పంచె ఎగ్గట్టుకుని వెనక కూర్చున్నాడు.

వచ్చినవాళ్లను ఊరి పొలిమేర దాకా సాగనంపడం పులివెందుల వాళ్లకు అలవాటు. నాగప్ప తన బండి మీద పక్కనే వచ్చాడు. పొలిమేర వచ్చింది. అతను ఆగలేదు. ముందున్న రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంది. నాగప్ప కమాల్ బాషా వైపు చూశాడు. కమాల్ బాషా నాగప్ప వైపు చూశాడు. రెండు బళ్ల చప్పుడూ కొంచెం పెరిగింది.

"శేరు పట్టినోడు పందెం కట్టగూడదు మామా," అన్నాడు కమాల్ బాషా వెనక్కి తిరగకుండా. ఆ గొంతులో అడుగుతున్నట్టుంది.

రామసుబ్బయ్య ముందుకు వంగాడు.

"ట్యాంకులో ఉండేది డ్రమ్ము పెట్రోలా?"

"కాదు. మా షెడ్డుది."

"మల్ల ఇది పందెం ఎట్లయితుందప్పా? ఊరికి పోతాండాం," అన్నాడు రామసుబ్బయ్య, రెండు చేతులతో అతని నడుము గట్టిగా పట్టుకుని. "నాగప్పను దాటుకొని పో."